ఎంత ఉంటే చాలు?

కొత్త బైకు కొన్న మొదటి వారం రోజూ తుడుస్తారు. ఆరు నెలలు గడిచేసరికి అది ఆఫీసుకు తీసుకెళ్లే బండి, అంతే. వస్తువు మారలేదు, మనసు దానికి అలవాటు పడిపోయింది. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అమెరికాలో పెద్ద లాటరీలు గెలిచిన 22 మందిని ప్రశ్నించింది. లాటరీ తగలని వారికంటే వీరు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, ఉదయపు ఫలహారం వంటి వాటిలో దొరికే ఆనందం వీరికి తగ్గింది. నమూనా చిన్నదే అయినా, ఆ ప్రశ్న మాత్రం నిలిచిపోయింది.

అయితే ఇది విని పేదవాడికి 'డబ్బులో ఏముంది' అని చెప్పబోవడం అన్యాయం. రాబర్ట్ బిస్వాస్-డైనర్, ఎడ్ డైనర్ కోల్‌కతాలో మురికివాడల నివాసులు, సెక్స్ వర్కర్లు, పేవ్‌మెంట్ల మీద బతికేవారు కలిపి 83 మందితో మాట్లాడి 2001లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం జీవితంపై వారి సంతృప్తి మధ్యస్థానికి కాస్త దిగువనే ఉంది. కుటుంబం, స్నేహాలు, తమ నడవడి గురించి విడిగా అడిగితే మాత్రం సంతృప్తే ఎక్కువ. బంధాలు లేమి దెబ్బను కొంత కాచాయి, పూర్తిగా కాదు. ఆ 83 మందిలోనూ ఆదాయం ఎక్కువున్న వారికే సంతృప్తి ఎక్కువ. నిరాడంబరత ఎంచుకునేది, పేదరికం నెత్తిన పడేది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మరి పై మెట్ల సంగతి? ఏడాదికి సుమారు 75,000 డాలర్లు దాటాక అమెరికన్ల రోజువారీ సంతోషం పెరగడం ఆగుతుందని 2010లో డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ లెక్కగట్టారు. పెరుగుతూనే ఉంటుందని 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ చూపారు. విభేదించిన కానమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని, 2023లో ఉమ్మడిగా తేల్చారు: ఎక్కువ మందిలో పెరుగుతూనే ఉంటుంది, అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్నవారిలోనే ఆగుతుంది.

ఇందులో ఒక కిటుకుంది. సంతోషం పెరిగేది రూపాయల లెక్కన కాదు, రెట్ల లెక్కన. పది వేలు సంపాదించే వ్యక్తిని మరో పది వేలు ఎంత పైకి లేపుతాయో, లక్ష సంపాదించే వ్యక్తిని అంత లేపాలంటే మరో లక్ష కావాలి. అందుకోసం ఇంట్లో గడపాల్సిన ఎన్ని సాయంత్రాలు పోతాయన్నది ఈ లెక్కలో లేదు. కోరికలు తగ్గించుకోవడం లాభసాటి బేరమయ్యేది ఇక్కడే.

ఉన్న డబ్బును ఎలా వాడతామన్నది మరో విషయం. ఎలిజబెత్ డన్ బృందం కెనడాలో కొందరికి ఉదయం 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చు చేయమంది. సగం మంది తమకోసం, సగం మంది ఇతరుల కోసం. సాయంత్రానికి ఇతరుల కోసం ఖర్చుపెట్టినవారే ఎక్కువ సంతోషంగా ఉన్నారు, మొత్తం ఎంతైనా తేడా రాలేదు. ఇదే ప్రయోగాన్ని వివరించి, ఎవరు ఎక్కువ సంతోషిస్తారో ఊహించమని వేరే విద్యార్థులను అడిగితే, తమకోసం 20 డాలర్లు ఖర్చుపెట్టుకున్నవారేనని ఎక్కువమంది అన్నారు.