ఫోనులో పరిచయాలు, ఇంటి నుంచి అమ్మకాలు



పిల్లలు బడికి, ఇంటాయన ఆఫీసుకు వెళ్ళిపోయాక, గిన్నెలు సర్ది కాస్త నడుం వాల్చే వేళకు మన చేతిలోకి వచ్చేది ఫోనే కదా. అందులో ఎవరో చీరలు చూపిస్తుంటారు, ఎవరో తొక్కులు అమ్ముతుంటారు, ఇంకెవరో ఇత్తడి దీపపు కుందులు పెడుతుంటారు. వాళ్ళు చేస్తున్నప్పుడు మనమెందుకు చేయలేం అనిపిస్తుంది. చేయగలం, సందేహం లేదు. కాని పోపుల డబ్బాలో దాచుకున్న నాలుగు పైసలూ సరుకు మీద పెట్టి, తెలిసినవారికీ తెలియనివారికీ వంద ఫోటోలు పంపి, నెల తిరిగేసరికి సరుకంతా బీరువాలోనే మిగిలిందని బాధపడేవారూ తక్కువేం లేరు. ఫోటో పంపడమే వ్యాపారం అనుకోవడం దీనికి ముఖ్యమైన కారణం.

వెనకటి రోజుల్లో చీరల మూట భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చే వ్యాపారిని గుర్తు చేసుకోండి. అతను వస్తూనే మూట విప్పేవాడు కాదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగేవాడు. "పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందా అమ్మా?" అనేవాడు. పోయినసారి కొన్న చీర రంగు వెలిసిందేమో కనుక్కునేవాడు. ఆ తరువాతే మూట ముడి విప్పేది. ఫలానా ఇంట్లో ఫలానా నెలలో పెళ్ళి ఉందని అతనికి ముందే తెలుసు కనుక, ఆ ఇంటికి సరిపడే చీరలే ఆ రోజు మూటలో ఉండేవి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అంటే మనం ఏదో కొత్త విద్య అనుకుంటాం గాని, అక్కడ నిలబడి అమ్ముతున్న ఆడవాళ్ళంతా చేస్తున్నది ఆ మూట వ్యాపారి పనే.

ఈ మాట ఊరికే అనడం లేదు. వాట్సాప్ పనిచేసే తీరే అలా ఉంది. ఒకే కబురును చాలామందికి విడివిడిగా పంపడానికి అందులో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని ఒక ఏర్పాటుంది. ఒక్కో జాబితాలో 256 మందిని చేర్చుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. ఎవరు మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నారో వారికే ఆ కబురు చేరుతుంది. మీ దగ్గర వారి నంబరుంటే చాలదు, వారి దగ్గర మీదీ ఉండాలి. 256 మందిని చేర్చి, అందులో 40 మందే మీ నంబరు దాచుకుని ఉంటే, మీ చీర ఫోటో 40 మందికే వెళ్తుంది. మీరు మాత్రం అందరికీ పంపానన్న ధైర్యంతో ఉంటారు. స్టేటస్ సంగతీ ఇంతే. మీరు వారి నంబరూ, వారు మీ నంబరూ ఉంచుకుంటేనే కనిపిస్తుంది, అదీ 24 గంటలే. కాబట్టి మొదటి పని సరుకు కొనడం కాదు. "నా నంబరు ఈ పేరుతో పెట్టుకో వదినా, కొత్తవి వచ్చినప్పుడు పంపిస్తాను, వద్దంటే చెప్పు" అని ఒక్కొక్కరితో నోటితో చెప్పడం. పెళ్ళిళ్ళలో, బతుకమ్మ ఆడేచోట, పిల్లల బడి దగ్గర ఇది హాయిగా సాగుతుంది.

గ్రూపు పెడితే సులువు కదా అంటారు. గ్రూపులో 1,024 మంది వరకు చేరవచ్చు, నిజమే. కాని చెప్పాపెట్టకుండా ఒక ఇల్లాలి నంబరును గ్రూపులో చేర్చామంటే, ఆ నంబరు ముక్కూమొహం తెలియని వందమందికి కనబడుతుంది. వేళకాని వేళ ఎవరో "హాయ్" అని పంపితే ఆమెకు కోపం వచ్చేది ఎవరి మీద? మన మీదే. అడిగి చేర్చండి. ఇంకో మాట, ఇంటి నంబరు మీద వ్యాపారం కలపకండి. వేరే సిమ్ము తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. అది 2018లో మన దేశానికి వచ్చింది, డబ్బు కట్టనక్కర్లేదు. 2019 చివరి నుంచి అందులో కేటలాగ్ కూడా ఉంది. సరుకు ఫోటో, ధర, వివరం అన్నీ వరుసగా పెట్టుకోవచ్చు. ధర దాచి "ఇన్‌బాక్స్‌లోకి రండి" అనే పద్ధతి నాకు నచ్చదు. అంగట్లో ధర చెప్పని దుకాణం దగ్గర మనం ఎంతసేపు నిలబడతాం?

మొదటి గిరాకీ ఎప్పుడూ చుట్టాలూ, ఇరుగుపొరుగే. చిక్కు కూడా అక్కడే ఉంది. "పైసలు మా ఆయన జీతం రాగానే ఇస్తాను వదినా" అంటుంది మరదలు. కాదనలేం. ఇద్దరు ముగ్గురు అలా ఉద్దెర పెట్టారంటే పెట్టుబడి ఆగిపోతుంది. అడిగితే మొహాలు మాడతాయి, అడక్కపోతే మన కడుపు మండుతుంది. చీర రెండు వేలు, చుట్టరికం ఎంత? ఈ లెక్క ముందే వేసుకోవాలి. దీనికి ఒక ఉపాయం ఉంది. మొదటి రోజునే కేటలాగ్‌లో, స్టేటస్‌లో అందరికీ కనిపించేలా "డబ్బు అందాకే సరుకు పంపబడును" అని రాసి పెట్టుకోవడం. ఒక్కరికి చెప్తే అవమానం, అందరికీ కలిపి రాస్తే నియమం. చుట్టాలకు ఏమైనా చేయాలనిపిస్తే ధరలో పది రూపాయలు తగ్గించండి, లేదా ఊరికే పెట్టండి. ఉద్దెర మాత్రం పెట్టకండి.

ఇక ఏం చూపించాలి, ఎలా చూపించాలి అన్నది. మనకు సరుకు కోసం సూరత్ దాకా చూడవలసిన పని లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి గాని, అక్కడి పనితనం చాలా పాతది. జనగామ పక్కనే, హైదరాబాద్ - వరంగల్ రోడ్డు మీద, పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నమూనా గీసుకుని, ఉలితో సుత్తితో కొట్టి ఉబ్బెత్తు బొమ్మగా తెచ్చే విశ్వకర్మల ఊరది. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని అని చెప్పుకుంటారు. గుడి తలుపుల తాపడాలు, దేవుడి విగ్రహాలు, సభల్లో ఇచ్చే జ్ఞాపికలు అక్కడ తయారవుతాయి. 2010లో పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పెంబర్తిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

అక్కడి నుంచి ఒక నెమలి బొమ్మ తెచ్చి, బల్ల మీద పెట్టి ఫోటో తీశామనుకోండి. ఫోనులో చూసేవారికి అదీ, అచ్చుల్లో పోసిన బజారు బొమ్మా ఒకలాగే కనిపిస్తాయి. బజారుది సగం ధరకే వస్తుంది. మరి మనది ఎందుకు కొనాలి? అదే నెమలి పింఛం మీద పనివారు ఉలి ఆనించి ఒక్కొక్క గీతా కొడుతున్నప్పుడు, ఆ టక్ టక్ శబ్దంతో సహా, అర నిమిషం వీడియో పెట్టండి. అప్పుడు ధర గురించి అడిగేవారు తగ్గి, పని గురించి అడిగేవారు పెరుగుతారు. ఎన్ని రోజులు పట్టింది? బరువెంత? చింతపండుతో తోమవచ్చా? ఆ ప్రశ్నలకు ఓపికగా జవాబు రాయడమే పరిచయం పెంచుకోవడం. ఒకరి ప్రశ్నకు రాసిన జవాబు వందమంది చదువుతారు. అయితే వీడియో తీసేముందు పనివారిని అడగాలి. వారికి ఇష్టమైతే పేరు చెప్పాలి. వారి బేరం మనకు, మన లాభం మనకే అన్నట్లుండకూడదు. అడిగినంత ఇవ్వడం కష్టమైతే తక్కువ సరుకు తెచ్చుకోండి, ధర మాత్రం విరగ్గొట్టకండి. రేపు ప్రత్యేకంగా ఒక వస్తువు చేయించాలంటే మళ్ళీ వారి గడపే ఎక్కాలి.

తొక్కులు, కారాలు అమ్మాలనుకునేవారికి మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పండే చపాట మిర్చి ఉంది. లావుగా, ఎర్రగా టమాటాను తలపిస్తుంది కనుక టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో వరంగల్ చపాట మిర్చి పేరుతో దీనికీ భౌగోళిక గుర్తింపు దొరికింది. పిల్లలున్న ఇళ్ళలో, అమెరికాలో ఉన్న మన అమ్మాయిల ఇళ్ళలో ఇలాంటి కారానికే గిరాకీ. "ఎర్రగా ఉంది గాని నోరు మండదు" అని మీరు పది వాక్యాలు రాసేకంటే, వండిన కూర గిన్నె చూపించి ఆ కారం ఎంత వేశారో చెప్పండి. కాని వేరే మిరప పట్టించి చపాట అని చెప్పకండి. భౌగోళిక గుర్తింపు ముద్ర వేసుకునే హక్కు అందుకు నమోదు చేసుకున్నవారికే ఉంటుంది. ఎక్కడి రైతు దగ్గర కొన్నారో చెప్పండి, అది చాలు. ఇంట్లో చేసే తొక్కే అయినా అమ్మకానికి పెట్టేటప్పుడు ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ ఉండాలి. సీసా మీద చేసిన తేదీ, వాడిన నూనె రాయాలి. కూర్చుని చేస్తే పెద్ద పనేం కాదు.

చీరల విషయానికి వస్తే భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ దసలి పట్టుకు పేరు. మామూలు పట్టుపురుగు మల్బరీ ఆకు తింటుంది. దసలి పురుగు అడవిలో మద్ది చెట్ల మీద పెరుగుతుంది. ఆ దారానికి సహజంగానే తేనె రంగు ఛాయ ఉంటుంది. చేతికి కాస్త గరుకుగా తగులుతుంది. కొన్న ఇల్లాలు పార్శిల్ విప్పి, "ఇదేమిటి మెరవడం లేదు, దారంలో ముడులున్నాయి" అని తిప్పి పంపేది ఇక్కడే. ముందే చెప్పలేదు కనుక ఆమెకు అది లోపంగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో గుమ్మం దగ్గర ఒకటి, ట్యూబులైటు కింద ఒకటి ఫోటోలు తీసి రెండూ పెట్టండి. ముడి ఉన్నచోట దగ్గరగా తీసి చూపించండి. ఒక పోగు కాల్చి చూపిస్తే మరీ మంచిది. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. నైలాన్‌వంటిదైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. సిల్క్ మార్క్ చీటీ ఉన్న చీరైతే ఆ చీటీ కూడా చూపండి.

వీడియోల్లో మాట్లాడాలంటే చాలామందికి బిడియం. పుస్తకాల భాష కోసం తడుముకుంటారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో చూడండి. అందులోని గంగవ్వ ఇంట్లో మాట్లాడినట్లే మాట్లాడింది, ఎక్కడెక్కడి తెలుగువారో ఆమెను తమ ఇంటి మనిషి అనుకున్నారు.

పేరు వచ్చాక వచ్చే తిప్పలు వేరు. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్ వైపు రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ వీడియోలు ఊరంతా పాకాయి. జనం విరగబడ్డారు, ట్రాఫిక్ నిలిచిపోయింది, పోలీసులు అక్కడ అమ్మవద్దన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చెప్పాక గాని ఆమె అదే చోట ఉండగలగలేదు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో రాజమండ్రిలో ఒక పచ్చళ్ళ వ్యాపారం నుంచి, ధర ఎక్కువన్న కొనుగోలుదారుకు బూతులతో వాయిస్ మెసేజ్ వెళ్ళింది. అది రెండు రోజుల్లో తెలుగువారి ఫోనులన్నిటా తిరిగింది, వ్యాపారపు వాట్సాప్ మూతపడింది. బేరమాడేవారు విసిగిస్తారు, కాదనను. నాలుగు జవాబులు ముందే రాసి పెట్టుకోండి. "మా ధర ఇదేనండి, మీకు కుదిరినప్పుడు చెప్పండి" అన్నది అందులో ఒకటి. కోపం వచ్చినప్పుడు మైకు గుర్తు మీద వేలు పెట్టకండి.

డబ్బు దగ్గర జాగ్రత్త మరీ అవసరం. ఆర్మీలో పని చేస్తున్నామని, ఇరవై చీరలు ఒక్కసారే కావాలని ఫోను వస్తుంది. "డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ నొక్కితే డబ్బు పోతుంది. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. ఒకవేళ మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఇంటి ముందు బోర్డు, పిల్లల మొహాలు, బడి యూనిఫారాలు సరుకు ఫోటోల్లో పడకుండా చూసుకోండి.

చివరగా ఒక పుస్తకం సంగతి. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. లక్షలమంది చూసే ఖాతాలున్నవారికి ఆ చూసేవారెవరో, ఎక్కడుంటారో తెలియదు. ఒక్క రాత్రిలో అంతా పోయింది. ఆ తరువాతి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ కొనేసింది. అంటే మనం కొట్టు పెట్టిన మూడు వీధులకూ యజమాని ఒక్కరే. ఏ కారణం చేతనైనా ఖాతా ఆగిపోతే అడగడానికి మనకు గుమ్మం కూడా దొరకదు. కనుక బడిపిల్లల 200 పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకోండి. కొన్నవారి పేరు, ఊరు, ఫోను నంబరు, ఏం కొన్నారు, ఏ రంగు ఇష్టం, ఇంట్లో పెళ్ళి ఎప్పుడు, ఇవన్నీ సాయంత్రం పూట రాసుకోండి. ఆ పుస్తకం బీరువాలో, బంగారం పక్కన పెట్టుకోండి.