మధ్యధరా తీరాన మన శనగపిండి అట్టు

ఆవకాయ సీసా పెట్టెలో పెట్టుకోనిదే గడప దాటని మన తెలుగువారికి యూరప్ ప్రయాణంలో అసలు పరీక్ష తెల్లవారగానే మొదలవుతుంది. మధ్యాహ్నం పిజ్జా, రాత్రి పాస్తా ఎలాగూ దొరుకుతాయి. ఇడ్లీకీ, ఉప్మాకీ అలవాటుపడిన కడుపుకి పొద్దున్నే ఏం పెట్టాలన్నదే సమస్య. వెంట ఉన్న పెద్దవారు శాకాహారులై, పైగా చక్కెర వ్యాధి కూడా ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఆ మధ్య డెబ్బై దాటిన మా అమ్మని వెంటబెట్టుకుని బార్సిలోనా నుంచి నీస్ మీదుగా జెనోవా దాకా సముద్రం పక్కనే రైళ్ళలో ప్రయాణం చేశాం. అమ్మకి ఈ రెండూ ఉన్నాయి.

గుండెజబ్బులూ, చక్కెర వ్యాధీ ఉన్నవారికి మా డాక్టర్లం రోజూ చెప్పే మాట "మెడిటరేనియన్ డైట్". ఏన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1958లో ప్రారంభించిన ఏడు దేశాల అధ్యయనం దానికి పేరు తెచ్చింది. 2010లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆలివ్ నూనె, కూరగాయలు, పప్పుధాన్యాలు దానికి ప్రాణం. తీరా అక్కడికి వెళ్ళి చూస్తే పొద్దుటిపూట వాటి జాడే కనబడదు! ఇటలీలో చాలామందికి ఫలహారమంటే నిలబడి తాగే కాపుచినో, ఒక తీపి బన్ను. ఫ్రాన్సులో వెన్న దట్టించిన క్రొసాంట్. పావుగంట కూడా పట్టదు. ఇదంతా మైదా, చక్కెర, వెన్న. చక్కెర వ్యాధి ఉన్నవారికి సరిపడే తిండి కాదు.

అయితే హోటలు భోజనశాల వదిలి బజారులోకి నడిస్తే దారి దొరుకుతుంది.

బార్సిలోనాలో "పా అంబ్ తుమాకెట్" అడగండి. కాల్చిన రొట్టెమీద బాగా పండిన టమాటా కోసి రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు చల్లి ఇస్తారు. పైన పందిమాంసం పరిచి ఇవ్వడం కూడా అక్కడ మామూలే కనుక ఉత్తదే కావాలని ముందే చెప్పాలి. ఎంతైనా రొట్టె కాబట్టి ఒకదానితో ఆపడం మంచిది. చుట్టచుట్టి, పైన పంచదార చల్లి ఉండే "ఎన్సైమాదా"ని చూసి శాకాహారులు మోసపోవద్దు. పందికొవ్వుకి అక్కడివారు వాడే మాటనుంచే దానికి ఆ పేరు వచ్చింది.

అమ్మకి అసలైన విందు నీస్ పాతబస్తీలో దొరికింది. అక్కడి కుర్ సాలేయా పూల బజారులో "సొక్కా" అమ్ముతారు. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పల్చగా జారుగా చేసి, పెద్ద గుండ్రటి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు మాడీ మాడనట్టుండగా ముక్కలు చేసి, మిరియాల పొడి చల్లి కాగితంలో ఇస్తారు. చేత్తోనే తినాలి. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఒరే, ఇది మన శనగపిండి అట్టేరా! కాస్త అల్లం, పచ్చిమిర్చి పడితే ఇంకేం కావాలి?" అంది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ కడుపునిండా తిన్నది అప్పుడే. మైదా రొట్టెకంటే శనగపిండిలో మాంసకృత్తులూ, పీచూ ఎక్కువ. రక్తంలో చక్కెర కూడా మెల్లగా ఎక్కుతుంది.

1860లో ఫ్రాన్సులో కలవకముందు నీస్ సార్డీనియా రాజ్యంలో ఉండేది. సరిహద్దు దాటి జెనోవా వెళితే ఇదే అట్టు "ఫరినాటా" అవుతుంది. నీస్‌లోనే ఉల్లిపాయలు పరిచిన "పిస్సలదియేర్" అనే రొట్టె కూడా నోరూరిస్తుంది కానీ, దానిలో ఆంచోవీ చేపలుంటాయి. జాగ్రత్త.

జెనోవాలో ఆలివ్ నూనె ఓడే ఫొకాచ్చా రొట్టెని కాపుచినోలో ముంచుకు తినడం చూసి మొదట ముఖముఖాలు చూసుకున్నాం. టీలో ఉప్పు బిస్కెట్టు ముంచే మనకి అదేమంత వింత? ఇటలీ కాఫీ బారుల్లో కౌంటరు దగ్గర నిలబడితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర ఉండటం మామూలు. చాలాచోట్ల ముందు డబ్బు కట్టి, రసీదు చూపించాలి.

డాక్టరుగా ఒక్క మాట. ఇన్సులిన్ గానీ, గ్లిపిజైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మందు పుచ్చుకుని, ఫలహారం వెతుక్కుంటూ ఊరంతా తిరగకూడదు. చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. సొక్కా పొయ్యి వేడెక్కేసరికి పొద్దెక్కుతుంది. అందుకని వేయించిన శనగలు, బాదంపప్పు, నాలుగు గ్లూకోజు బిళ్ళలు సంచిలో ఉండాలి. ఎదుట పళ్ళెం కనబడ్డాకే మందు. ప్రయాణానికి ముందే మీ డాక్టరుతో వేళలు మాట్లాడుకోండి.

హోటలు గది తీసుకునేటప్పుడు అద్దెలో ఫలహారం కలిసి ఉందో లేదో అడగండి. లేదంటే సంతోషించండి! ఆ డబ్బుతో పెద్దవారి చెయ్యి పట్టుకుని బజారుకి నడవండి. నడక వంటికి మంచిది, సొక్కా అమ్మకి మంచిది. శుభయాత్ర!