మైదానం దాకా వచ్చే దారి

ఆటను రాజకీయాలకు దూరంగా ఉంచాలన్న మాట ఫుట్‌బాల్ సంఘాల పెద్దల నోట ఎంత తరచుగా వినిపిస్తుందో, ఆ మాట చెల్లిన సందర్భాలు ఆట చరిత్రలో అంత అరుదుగా కనిపిస్తాయి. తొంభై నిమిషాలపాటు బంతి ఎటు పోవాలో తేల్చేది ఆటగాళ్ల కాళ్లే అయినా, ఆ ఆటగాళ్లు మైదానం దాకా రాగలరా, వస్తే ఏ ఊళ్లో, ఏ పేరుతో ఆడాలి అన్న ప్రశ్నలకు జవాబులు వీసా కార్యాలయాల్లో, మంత్రిత్వ శాఖల్లో, న్యాయస్థానాల్లో ముందే తయారవుతాయి. ఈ ఆటను సాకర్ అని పిలుచుకునే కెనడాలో అభిమానులు ఆ సంగతిని 2022లో దగ్గరగా చూశారు. 36 ఏళ్ల తర్వాత తమ పురుషుల జట్టు ప్రపంచ కప్పుకు అర్హత సాధించిన సంబరంలో ఉండగానే, జూన్ 5న వాంకూవర్‌లో ఇరాన్‌తో జరగవలసిన స్నేహపూర్వక మ్యాచ్‌ను, అంటే పాయింట్లూ పతకాలూ లేని సన్నాహక ఆటను, కెనడా సాకర్ సంఘం మే నెలాఖరులో రద్దు చేసింది. 2020 జనవరి 8న టెహ్రాన్ నుంచి బయలుదేరిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ సైన్యం కూల్చివేసినప్పుడు చనిపోయిన 176 మందిలో 55 మంది కెనడా పౌరులు. వారి కుటుంబాలు మొదలుకొని ప్రధానమంత్రి వరకు ఈ మ్యాచ్‌ను తప్పుపట్టారు.

ఈ దారి ఎన్ని వంకరలు తిరుగుతుందో తెలియడానికి తెలుగు పాఠకుడు వాంకూవర్ దాకా వెళ్లనక్కరలేదు, కోయంబత్తూరు చాలు.

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడడమే ఒక పెద్ద రాజకీయ కదలిక ఫలితం. 14వ శతాబ్దిలో విజయనగర సేనలు కుమార కంపన నాయకత్వంలో మదురై సుల్తానులను ఓడించడంతో మొదలైన ఆ వలస, 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక రాజ్యాన్ని నెలకొల్పి, పరిపాలన కోసం దేశాన్ని పాళెయాలుగా, అంటే సైన్యాన్ని పోషించే బాధ్యత గల చిన్న సంస్థానాలుగా విభజించడంతో స్థిరపడింది. కొంగునాడు నల్లరేగడిలో పత్తి పండించిన తెలుగు రైతు కుటుంబాల్లో కొన్ని తర్వాతి కాలంలో మిల్లు యజమానులయ్యాయి, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ వాటిలో పేరెన్నిక గన్నది. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ తమిళం మాట్లాడే ఈ సమాజానికి, ఒక ఊరి పేరు మోస్తూ ఇంకో ఊళ్లో బతకడం వింతేమీ కాదు. అందుకేనేమో, చెన్నై పేరుతో ఉన్న ఒక ఫుట్‌బాల్ జట్టు తన సొంత మైదానంగా కోయంబత్తూరు నెహ్రూ స్టేడియాన్ని ఎంచుకున్నప్పుడు ఆ పేరు ఊరికి అంతగా ఎబ్బెట్టు అనిపించి ఉండదు.

ఆ జట్టు చెన్నై సిటీ. అప్పట్లో దేశంలో రెండు జాతీయ లీగులు పక్కపక్కనే నడిచేవి. ఒకటి 2007లో మొదలైన ఐ-లీగ్. రెండోది పెద్ద పెట్టుబడులతో, సినిమా తారల సందడితో 2014లో వచ్చిన ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్‌ఎల్. చెన్నై సిటీ, పంజాబ్‌కు చెందిన మినర్వా రెండూ 2016-17 సీజన్‌లో ఒకేసారి ఐ-లీగ్‌లో అడుగుపెట్టాయి. మరుసటి సీజన్‌లో మినర్వా విజేత అయింది. 2018-19 సీజన్‌లో సింగపూర్‌కు చెందిన కోచ్ అక్బర్ నవాస్ స్పెయిన్ నుంచి తెచ్చుకున్న ఆటగాళ్లతో, స్థానిక యువకులతో కూర్చిన చెన్నై సిటీ జట్టు అందరినీ వెనక్కి నెట్టింది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎఫ్‌సీ బాసెల్ క్లబ్బు ఆ సీజన్ మధ్యలోనే ఇందులో 26 శాతం వాటా కొన్నది.

లీగ్ పద్ధతిలో గెలుపుకు 3 పాయింట్లు, సమమైతే 1 పాయింటు; అన్ని ఆటలూ ముగిశాక ఎక్కువ పాయింట్లున్న జట్టుదే కప్పు. 2019 మార్చి 9న ఆఖరి రోజు ఆట మొదలయ్యేసరికి చెన్నై సిటీకి 40, కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు 39 పాయింట్లు. అటు కోళికోడ్‌లో గోకులం కేరళ మీద ఈస్ట్ బెంగాల్ గెలిస్తే, ఇటు కోయంబత్తూరులో మినర్వాతో సమంగా ముగించినా చెన్నై సిటీకి కప్పు దక్కదు. మినర్వా మూడో నిమిషంలోనే గోల్ చేసింది. విరామం తర్వాత పెనాల్టీ దెబ్బతో పెద్రో మాంజీ స్కోరు సమం చేయగా, గోల్స్ ఆపడమే ప్రధాన పనిగా వెనక ఆడే గౌరవ్ బోరా రెండు గోల్స్ కొట్టడంతో చెన్నై సిటీ 3-1తో గెలిచింది. ఈస్ట్ బెంగాల్ కూడా 2-1తో గెలిచినా ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో మిగిలిపోయింది.

స్కోరు మాత్రమే చూసేవారికి కథ ఇంతే. ఆ ఒక్క పాయింటు వెనక ఫిబ్రవరి నెల ఉంది. 14వ తేదీన పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను బలిగొన్న దాడి జరిగింది. 18న శ్రీనగర్‌లో రియల్ కశ్మీర్ జట్టుతో ఆడవలసిన మినర్వా, భద్రత కారణం చూపి అక్కడికి వెళ్లలేదు. ఈస్ట్ బెంగాల్ కూడా శ్రీనగర్ ప్రయాణానికి వెనుకాడడంతో ఆ మ్యాచ్‌ను ఢిల్లీకి మార్చారు. 2014 వరదల తర్వాత కశ్మీరు యువకులకు ఒక వ్యాపకం కల్పించాలన్న తలంపుతో పుట్టి, ఆ ఏడే మొదటిసారి దేశపు పెద్ద లీగ్‌లో ఆడుతున్న రియల్ కశ్మీర్ కూడా అప్పుడు కప్పు పోటీలోనే ఉంది. చలికీ, తన జనం కేరింతలకూ అలవాటుపడిన ఆ జట్టు తన ఊరి ఆటను పరాయి ఊళ్లో ఆడవలసి వచ్చింది. ఎవరి భయాన్నీ తక్కువ చేయడానికి లేదు. కానీ ఆ భయానికి మూల్యం చెల్లించింది మాత్రం దాడితో ఏ సంబంధమూ లేని జట్టు.

అదే వారంలో ఢిల్లీలో మరో సంగతి జరిగింది. ప్రపంచ కప్ షూటింగ్ పోటీలకు రావలసిన ఇద్దరు పాకిస్తాన్ షూటర్లకు భారత్ వీసాలు ఇవ్వలేదు. పోటీకి ఆతిథ్యమిచ్చే దేశం ఆహ్వానితులందరినీ వివక్ష లేకుండా రానివ్వాలన్నది ఒలింపిక్ ఉద్యమపు మూల నియమాల్లో ఒకటి కాబట్టి, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఫిబ్రవరి 21న భారత్‌లో భవిష్యత్ పోటీల నిర్వహణపై చర్చలన్నీ ఆపేసింది. ఇకపై అర్హులందరినీ అనుమతిస్తామని కేంద్రం హామీ ఇచ్చాకే, జూన్‌లో ఆ ఆంక్ష తొలగింది.

సరిగ్గా ఈ నియమం కోసమే 1962లో జకార్తాలో గొంతెత్తినవాడు ఒక భారతీయుడు. ఆ ఏటి ఆసియా క్రీడలకు ఆతిథ్యమిచ్చిన ఇండొనేసియా, అరబ్బు దేశాలతోనూ చైనాతోనూ ఉన్న స్నేహం దృష్ట్యా, ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. ఆసియా క్రీడలకు మూలపురుషుల్లో ఒకరైన గురుదత్ సోంధీ, సభ్య దేశాలను గుమ్మం దగ్గరే ఆపేసిన పోటీలకు ఆసియా క్రీడలన్న పేరు చెల్లదని పట్టుబట్టారు. ఆతిథ్య దేశపు జనానికి అది అవమానంగా తోచింది. సెప్టెంబరు 3న గుంపులు భారత రాయబార కార్యాలయం మీద దాడి చేశాయి, సోంధీ జకార్తా విడిచి వెళ్లవలసి వచ్చింది. మర్నాడే భారత్, దక్షిణ కొరియా మధ్య ఫుట్‌బాల్ ఫైనల్.

లక్షమంది నిండిన స్టేడియం ఒక జట్టును ఏకగ్రీవంగా ఛీకొట్టడం ఎలా ఉంటుందో ఆనాటి భారత ఆటగాళ్లకు తెలిసింది. మన జాతీయ గీతం అరుపుల్లో మునిగిపోయింది. జట్టును అక్కడి దాకా నడిపించినవాడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలవడం వెనక ఉన్నదీ ఆయన శిక్షణే. అదే ఆటలలో మొదట దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టు, థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను దాటుకుని మళ్లీ అదే ప్రత్యర్థి ఎదుట నిలబడింది. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసకు పంపాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేయగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ పని చేసిన రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు.

ఆ రోజు గోల్ కాపలా కాసిన పీటర్ తంగరాజ్ హైదరాబాదులో పుట్టి, సికిందరాబాదు క్లబ్బుల్లో ఆట నేర్చి, సైన్యంలో చేరి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున పేరు తెచ్చుకున్నవాడు. ఆ సెంటర్ ఉన్నది కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం మీదుగా నీలగిరులు ఎక్కితే వచ్చే వెల్లింగ్టన్‌లో. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఎడమ వైపు ముందు వరసలో ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టాడు. తెలుగువారు తమిళ దేశంలో మిల్లులు కట్టినట్టే, తమిళులు తెలుగు దేశంలో బంతి తన్ని దేశానికి బంగారం తెచ్చారు. భాషను బట్టి గీసిన సరిహద్దులు ఈ రాకపోకలను ఆపలేదు గానీ జెర్సీల మీది పేర్లను మాత్రం మార్చాయి. 1956-57, 1957-58లలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ పేరుతో గెలిచిన గడ్డ, 1965-66లో అదే కప్పును ఆంధ్రప్రదేశ్ పేరుతో అందుకుంది.

ఇండొనేసియాను ఒలింపిక్ కమిటీ 1963 ఫిబ్రవరిలో సస్పెండ్ చేసింది. దానికి జవాబుగా ఆ దేశాధ్యక్షుడు సుకర్ణో ఆ నవంబరులోనే కొత్తగా ఎదుగుతున్న శక్తుల క్రీడలంటూ పోటీ పండుగ నడిపాడు. ఇక్కడ గమనించవలసినదొకటి ఉంది. 1962లో నియమం పక్షాన నిలబడి రాళ్ల దెబ్బలు తిన్న భారత్, 2019లో అదే నియమాన్ని అతిక్రమించిన వైపు నిలబడింది. రెండు సందర్భాల్లోనూ ప్రభుత్వాలకు తమ కారణాలు తమకున్నాయి, పుల్వామా గాయం చిన్నదేమీ కాదు. అయినా గుమ్మం దగ్గర ఆగిపోయిన షూటరుకు, ఆగిపోయిన ఇజ్రాయెలీ క్రీడాకారుడికి తేడా వెతకడం కష్టం.

రాజకీయ జోక్యమన్న మాటకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఫిఫా, ఇచ్చే అర్థం మాత్రం వేరు. దాని దృష్టిలో జాతీయ సంఘాన్ని సంఘ సభ్యులే నడపాలి. ప్రభుత్వమో, న్యాయస్థానమో పగ్గాలు పట్టుకుంటే అది మూడో పక్షపు జోక్యం. ఎన్నికలు జరపకుండా పదవుల్లో కొనసాగుతున్న భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గాన్ని 2022 మేలో సుప్రీంకోర్టు తప్పించి, ముగ్గురు సభ్యుల పాలక కమిటీని నియమించగా, ఆగస్టు నడుమ ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసింది. దేశానికి జరిగిన తప్పును సరిదిద్దబోయిన కోర్టే ఫిఫా దృష్టిలో తప్పయింది. ఆసియా మహిళా క్లబ్బు పోటీ కోసం అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ అమ్మాయిలు ఆడకుండానే తిరిగి రావలసి వచ్చింది. కమిటీని కోర్టు రద్దు చేశాక, పన్నెండు రోజులైనా నిండకముందే సస్పెన్షన్ ఎత్తివేశారు. అక్టోబరులో భారత్‌లో జరిగిన 17 ఏళ్లలోపు అమ్మాయిల ప్రపంచ కప్పుకు వచ్చిన జట్లలో కెనడా కూడా ఒకటి. ఆగస్టు పంచాయితీ తెగి ఉండకపోతే ఆ పిల్లలకు గోవా మైదానం దక్కేది కాదు.

ఇప్పుడు కెనడా తానే ఆతిథ్య దేశం. అమెరికా, మెక్సికోలతో కలిసి 48 జట్ల 2026 ప్రపంచ కప్పును పంచుకున్న కెనడాకు టొరంటో, వాంకూవర్ నగరాల్లో 13 మ్యాచ్‌లు దక్కాయి. అయితే 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వం పన్నెండు దేశాల పౌరుల రాకను నిషేధిస్తూ ఇచ్చిన ఆదేశం, ఆటగాళ్లకూ శిక్షకులకూ వారి దగ్గరి బంధువులకూ మినహాయింపు ఇచ్చింది గానీ అభిమానులకు ఇవ్వలేదు. ఆ జాబితాలోని ఇరాన్, హైతీ రెండూ కప్పుకు అర్హత సాధించాయి. జట్టు లోపలికి రావచ్చు, దాని కోసం కేక వేసే గొంతు గుమ్మం బయటే ఆగాలి.

కోయంబత్తూరు సంగతికి వస్తే, దేశపు విజేతగా నిలిచిన చెన్నై సిటీకి ఆసియా చాంపియన్స్ లీగ్ ప్రాథమిక దశలో ఒకే ఒక్క ఆట దక్కింది. 2020 జనవరిలో జరిగిన ఆ ఆటలో బహ్రెయిన్‌కు చెందిన రిఫా చేతిలో 0-1తో ఓడింది. అప్పటికే, 2019 అక్టోబరులో, ఆసియా సమాఖ్య పెద్దలు ఐఎస్‌ఎల్‌నే దేశపు ప్రధాన లీగ్‌గా ఖాయం చేశారు. ఐ-లీగ్ గెలిచినవారు పై లీగ్‌లోకి ఎక్కే వీలు ఆ తర్వాత కొన్నేళ్లకు గానీ కలగలేదు. 2021-22 నాటికి చెన్నై సిటీ ఐ-లీగ్‌లోనే లేదు. 2022-23లో ఐ-లీగ్ గెలిచి ఐఎస్‌ఎల్‌లోకి ఎక్కిన మొదటి జట్టు పంజాబ్ ఎఫ్‌సీ. నెహ్రూ స్టేడియంలో ఆ ఆఖరి ఆట ఓడిన రోజున దాని పేరు మినర్వా.