సముద్ర పవన విద్యుత్ క్షేత్రాలలో నౌకా సమన్వయం

సముద్ర పవన విద్యుత్ క్షేత్రం అనగా విద్యుత్తు ఉత్పత్తి కొరకు సముద్రంలో నెలకొల్పిన గాలిమరల సముదాయం. వీటి నిర్మాణానికి, మరమ్మతులకు వచ్చే నౌకల రాకపోకలను, వాటిలో ప్రయాణించే మనుషుల కదలికలను ఒకే చోట నుండి గమనిస్తూ, నమోదు చేస్తూ, ఒకరి పని మరొకరికి ప్రమాదకరం కాకుండా చూసే ఏర్పాటును నౌకా సమన్వయం అంటారు. ఈ బాధ్యత నిర్వహించే ఉద్యోగిని మెరైన్ కోఆర్డినేటర్ అని పిలుస్తారు. ఈ ఉద్యోగి విధులు అనేకం. అయితే వాటన్నింటి సారం ఒక్కటే: ఈ క్షణంలో ఎవరెవరు సముద్రం మీద ఉన్నారు, ఎక్కడ ఉన్నారు అన్న ప్రశ్నకు ఎప్పుడు అడిగినా సరైన జవాబు సిద్ధంగా ఉండాలి.

నేపథ్యం

ప్రపంచంలో మొట్టమొదటి సముద్ర పవన విద్యుత్ క్షేత్రం 1991లో డెన్మార్క్ దేశంలోని విండెబీ వద్ద ఏర్పడింది. అందులో 11 గాలిమరలు మాత్రమే ఉండేవి. తీరానికి దగ్గరగా ఉండడం వలన, గాలిమరలు కొద్ది కావడం వలన రాకపోకలు సులభంగానే సాగేవి. ఈ క్షేత్రాన్ని 2017లో తొలగించారు. 2002లో డెన్మార్క్ పడమటి తీరాన 80 గాలిమరలతో హార్న్స్ రెవ్ క్షేత్రం వచ్చింది. 2019లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన ఇంగ్లండులోని హార్న్‌సీ వన్ క్షేత్రంలో 174 గాలిమరలు ఉన్నాయి. అది యార్క్‌షైర్ తీరం నుండి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది.

క్షేత్రాలు ఇలా పెరిగి తీరానికి దూరమైనకొద్దీ ఒకే రోజు అనేక నౌకలు, వేర్వేరు గుత్తేదారుల వద్ద పనిచేసే మనుషులు ఒకే ప్రాంతంలో పనిచేయవలసి వచ్చింది. ఒక నౌక కెప్టెనుకు తన నౌకలోని వారి సంగతి తెలుస్తుంది కాని, పక్క గాలిమర మీద ఎవరున్నారో తెలియదు. ఆ పూర్తి చిత్రం ఒకరి వద్ద ఉండాలన్న అవసరం నుండే నౌకా సమన్వయం ప్రత్యేకమైన వృత్తిగా రూపొందింది.

నౌకల రకాలు

ఈ క్షేత్రాలలో కనిపించే నౌకలలో ముఖ్యమైనవి:
* సిబ్బంది చేరవేత పడవలు: ఎక్కువగా జంట పొట్టుల మరపడవలు. ఉదయం రేవు నుండి సాంకేతిక సిబ్బందిని తీసుకువెళ్ళి, సాయంత్రం తిరిగి తెస్తాయి.
* సేవా నౌకలు: తీరానికి దూరంగా ఉన్న క్షేత్రాలలో వాడతారు. సిబ్బంది వీటిలోనే వారాల తరబడి నివసిస్తారు. అలల కదలికను సరిచేసుకుంటూ నిలకడగా ఉండే నడకవంతెన వీటి ప్రత్యేకత.
* కాళ్ళ నౌకలు: పొడవైన ఉక్కు కాళ్ళను సముద్రం అడుగున ఆనించి, తమ దేహాన్ని నీటిపైకి ఎత్తుకుంటాయి. గాలిమర భాగాలను క్రేనుతో నిలబెట్టేది ఇవే.
* కేబుల్ నౌకలు: గాలిమరలను కలిపే విద్యుత్ కేబుళ్ళను సముద్రం అడుగున పరుస్తాయి.
* కాపలా నౌకలు: నిర్మాణ ప్రాంతంలోకి పొరపాటున వచ్చే చేపల పడవలను, సరుకు ఓడలను హెచ్చరిస్తాయి.

దినచర్య

సమన్వయ కేంద్రం సాధారణంగా రేవులోని కార్యాలయంలో ఉంటుంది. నౌకలు తమ గుర్తింపును, స్థానాన్ని, వేగాన్ని రేడియో ద్వారా స్వయంగా ప్రసారం చేసే ఏఐఎస్ అనే పద్ధతి వలన వాటి కదలికలు అక్కడి తెర మీద కనిపిస్తాయి. మాటల కొరకు వీహెచ్ఎఫ్ రేడియోను వాడతారు. ఇందులో 16వ ఛానల్ ఆపద సందేశాలకు, తొలి పిలుపుకు అంతర్జాతీయంగా కేటాయించినది కనుక రోజువారీ సంభాషణకు వేరే ఛానల్ ఉంటుంది.

రోజు పని వాతావరణ సూచనతో మొదలవుతుంది. గాలి వేగం, అలల ఎత్తు, మెరుపుల సూచన, చూపు ఎంత దూరం ఆనుతుంది అనేవి పరిశీలిస్తారు. ఆ తరువాత ఏ పడవ ఏ గాలిమరలకు పోవాలి, ఎవరు ఎక్కడ దిగాలి అనే పట్టిక తయారవుతుంది. ఒకదానికొకటి పొసగని పనులు ఒకే చోట పడకుండా చూడడం ఇక్కడ ముఖ్యం. ఉదాహరణకు నీటి అడుగున గజ ఈతగాళ్ళు పనిచేస్తున్న చోట పైనుండి క్రేనుతో బరువులు దించరాదు. పడవల మరలు తిరగరాదు.

గాలిమర ఎక్కే ముందు దానిని ఆపి, దూరం నుండి ఎవరూ తిరిగి నడపకుండా కట్టడి చేయాలి. విద్యుత్ పనులకు అనుమతి పత్రం ఇచ్చే అధికారం వేరే అర్హుడైన ఉద్యోగికి ఉంటుంది. ఆ అనుమతి, నౌకల పట్టిక ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో సమన్వయ కేంద్రం చూసుకుంటుంది.

గాలిమర మీదికి చేరుట

రోజు మొత్తంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన ఘట్టం ఇదే. పడవ తన ముందుభాగంలోని రబ్బరు మెత్తను గాలిమర పునాదికి అమర్చిన రెండు నిలువు ఉక్కు గొట్టాలకు ఆనించి, ఇంజను బలంతో గట్టిగా నెట్టి పట్టి ఉంచుతుంది. ఆ ఒరిపిడి వలన పడవ కొంతసేపు కదలకుండా నిలుస్తుంది. అప్పుడు ఒక్కొక్కరు పడవ నుండి నిచ్చెన మీదికి అడుగు వేస్తారు. పెద్ద అల వచ్చి పట్టు జారితే పడవ ఒక్కసారిగా పైకి లేవవచ్చు, లేదా కిందికి జారవచ్చు. నిచ్చెనకు పడవకు మధ్య మనిషి నలిగిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి అలల ఎత్తుకు పరిమితి పాటిస్తారు. సాధారణ చేరవేత పడవలకు ఇది 1.5 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ అంకె అలల సమూహంలో పెద్దవైన మూడవ వంతు అలల సగటు ఎత్తు. అనగా 1.5 మీటర్లు అని చెప్పిన సముద్రంలో అప్పుడప్పుడు దాదాపు రెట్టింపు ఎత్తు అల కూడా రావచ్చును. అందుచేత అంకె పరిమితిలో ఉన్నంత మాత్రాన అడుగు వేయడం క్షేమమని చెప్పలేము. ఉత్తర సముద్రంలో చలికాలపు నీరు 10 డిగ్రీల సెల్సియస్ కంటె చల్లగా ఉంటుంది. అందులో పడిన మనిషికి తొలి నిమిషాలలోనే ఊపిరి అదుపు తప్పుతుంది. అందుకే చలి నుండి కాపాడే సూటు, లైఫ్ జాకెట్ ధరిస్తారు.

అధికారాల విభజన

మెరైన్ కోఆర్డినేటర్ క్షేత్రం మొత్తాన్ని చూడగలిగినా నౌకలకు అధిపతి కాడు. నౌక భద్రతపై తుది నిర్ణయం కెప్టెనుదే. కేంద్రం వెళ్ళవచ్చునని చెప్పినా, తన పడవకు సముద్రం అనుకూలంగా లేదని తోస్తే కెప్టెను వెనుదిరగవచ్చు. కెప్టెను సరేనన్నా, నిచ్చెన ముందు నిలబడిన సాంకేతికుడు అడుగు వేయనని చెప్పవచ్చు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. సాగాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి.

ఒక రోజు పని పోతే నౌకల అద్దె, సిబ్బంది జీతం, రాని విద్యుత్తు అన్నీ నష్టమే. ఆ ఒత్తిడి కెప్టెను మీద, సిబ్బంది మీద పడకుండా చూడడం కూడా సమన్వయ కేంద్రం బాధ్యతే. వెనుదిరిగి వచ్చిన పడవను ఎందుకు వచ్చావని నిలదీసే చోట, మరుసటి రోజు ఎవరూ వెనుదిరగరు.

మనుషుల లెక్క

రేవులో పడవ ఎక్కినప్పుడు, గాలిమర మీదికి చేరినప్పుడు, తిరిగి దిగినప్పుడు, రేవులో అడుగుపెట్టినప్పుడు ప్రతి మనిషి పేరు, సమయం నమోదు అవుతాయి. మొత్తం సంఖ్య మాత్రమే చూసుకుంటే చాలదు. ఉదాహరణకు ఒక పడవ ముగ్గురిని ఒక గాలిమర వద్ద దించింది, ఇద్దరిని మరొక దాని వద్ద దించింది. మధ్యాహ్నం ఒకరు పనిముట్టు కోసం మరో పడవలో రెండవ గాలిమరకు మారారు. ఆ సంగతి నమోదు కాలేదు. కేంద్రం లెక్కలో మొత్తం ఐదుగురే, అది సరిగానే ఉంది. కాని మొదటి గాలిమరలో పొగ వచ్చిందంటే, రక్షకులు అక్కడ లేని మూడవ మనిషి కోసం పొగలోకి వెళ్ళి వెదుకుతారు. కాబట్టి పేరు, చోటు, సమయం మూడూ సరిపోయినప్పుడే లెక్క సరిపోయినట్లు.

సముద్రం హఠాత్తుగా పాడైతే సిబ్బందిని దించడం వీలుకాక గాలిమరలోనే రాత్రి గడపవలసి రావచ్చు. ఇందుకోసం ఆహారం, మంచినీరు, పడక సంచులు అందులో ఉంచుతారు. అటువంటప్పుడు కేంద్రం నిర్ణీత సమయాలలో వారిని రేడియోలో పలకరిస్తూ ఉంటుంది.

అత్యవసర పరిస్థితులు

ఆపద కలిగినప్పుడు రక్షణ కార్యక్రమాన్ని నడిపించే అధికారం ఆ దేశపు తీరరక్షక సంస్థకు ఉంటుంది. సమన్వయ కేంద్రం దానికి సమాచారాన్ని, దగ్గరలోని నౌకలను అందిస్తుంది. బ్రిటన్‌లో ప్రతి క్షేత్రం తీరరక్షక సంస్థతో కలిసి ముందుగానే అత్యవసర సహకార ప్రణాళికను రాసుకోవాలి. రక్షణ హెలికాప్టరు వచ్చినప్పుడు రెక్కలు తిరుగుతుంటే అది దగ్గరకు రాలేదు కనుక, గాలిమరలను కేంద్రం నుండే ఆపగలిగే ఏర్పాటు ఉండాలి. ప్రతి గాలిమరకు పెద్ద అక్షరాలతో గుర్తింపు సంఖ్య రాస్తారు. దిక్కు తోచని చోట ఆ సంఖ్యే చిరునామా.

కొన్ని ప్రమాదాలు

2012 నవంబరు 21న ఇంగ్లండు తూర్పు తీరాన ఒకే రోజు రెండు ప్రమాదాలు జరిగాయి. విండ్‌క్యాట్ 9 అనే పడవ డోనా నుక్ సైనిక శిక్షణ ప్రాంతంలో తేలుతున్న లక్ష్యాన్ని ఢీకొని దెబ్బతిన్నది. ఐలండ్ పాంథర్ అనే పడవ షెరింగ్‌హామ్ షోల్ క్షేత్రంలో దీపం లేని గాలిమర పునాదిని గుద్దుకోగా అందులోనివారు గాయపడ్డారు. తీరంలోని తెర ఎంత బాగా పనిచేసినా, పడవ నడిపేవాడి చూపుకు అది ప్రత్యామ్నాయం కాదని వీటి వలన తెలుస్తుంది.

2022 జనవరి 31న తుఫానులో జూలియెట్టా డి అనే సరుకు ఓడ నెదర్లాండ్స్ తీరంలో మరొక నౌకను ఢీకొన్నది. హెలికాప్టర్ల ద్వారా 18 మంది నావికులను రక్షించారు. మనుషులు లేకుండా కొట్టుకుపోయిన ఆ ఓడ నిర్మాణంలో ఉన్న హాలండ్సే కుస్ట్ జూయిడ్ క్షేత్రంలోని ఒక పునాదిని తాకింది. 2023 ఏప్రిల్‌లో పెట్రా ఎల్ అనే సరుకు ఓడ జర్మనీలోని గోడె విండ్ క్షేత్రపు గాలిమరను ఢీకొని, పక్కభాగంలో పెద్ద రంధ్రంతో ఎండెన్ రేవు చేరింది. ఈ రెండూ క్షేత్రంతో సంబంధం లేని నౌకలే. కనుక సమన్వయ కేంద్రం తన నౌకలనే కాక, దారిన పోయే ఓడలను కూడా గమనించవలసి ఉంటుంది.

శిక్షణ, నియమాలు

* ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒడంబడిక 60వ అధికరణం ప్రకారం ఇటువంటి నిర్మాణాల చుట్టూ 500 మీటర్ల వరకు భద్రతా మండలాన్ని ప్రకటించవచ్చు.
* 2012లో ఏర్పడిన గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ సిబ్బందికి ప్రథమ చికిత్స, బరువులు ఎత్తే పద్ధతి, అగ్ని ప్రమాదాలు, ఎత్తులో పని, సముద్రంలో ప్రాణరక్షణ అనే ఐదు అంశాలలో ప్రాథమిక శిక్షణ ప్రమాణాలను నిర్ణయించింది.
* 12 మందికి మించి పారిశ్రామిక సిబ్బందిని తీసుకువెళ్ళే నౌకలకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రూపొందించిన ప్రత్యేక నియమావళి 2024 జూలై 1న అమలులోకి వచ్చింది.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2015లో జాతీయ సముద్ర పవన విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. 2024 జూన్‌లో గుజరాత్, తమిళనాడు తీరాలలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల చొప్పున క్షేత్రాలకు ఆర్థిక సహాయ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఈ రెండు తీరాలలోనూ చేపల వేట విస్తారంగా సాగుతుంది. అందువలన కంపెనీ నౌకలతో పాటు, ఏఐఎస్ తెర మీద కనిపించని చిన్న పడవల మత్స్యకారులను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఇక్కడి సమన్వయం పరిపూర్ణం అవుతుంది.

ఇవి కూడా చూడండి
* పవన విద్యుత్తు
* గాలిమర
* భారత తీర రక్షక దళం