గురి తప్పని కిరణము

కాన్సరు రోగికి ‘కరెంటు పెట్టవలెను’ అన్న మాట చెవిని పడినంతనే ఇంటిల్లిపాదికిని గుండె జారిపోవును. నిజమునకు రోగి శరీరములోనికి విద్యుత్తు ప్రవహింపదు. ప్రవేశించునది కంటికి కానరాని వికిరణము. అది కణములయందలి డి.ఎన్.ఎ.ను దెబ్బతీసి, కాన్సరు వృద్ధి పొందకుండ చేయును.

అయితే గడ్డ లోతున నున్నప్పుడు, దానిని చేరుటకు కిరణము ఆరోగ్యముగానున్న భాగములను దాటిపోవలెను. కలుపు తీయబోయి పైరును పెరికినట్లు కాకుండుట యెట్లు?

స్వీడన్ దేశపు మెదడు శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో దీనికొక ఉపాయము సూచించెను. సన్నని కిరణములను వేర్వేరు దిక్కులనుండి ఒక్క బిందువునకే గురిపెట్టవలెను. పిల్లకాలువలు పెక్కు వచ్చి ఒక గుంటలో కలియుచున్నవనుకొనుడు. ఒక్కొక్క కాలువలో మోకాలిలోతు నీరైనను ఉండదు. అవి కలియుచోట నిలువులోతుండును. అట్లే ఒక్కొక్క కిరణము తన దారిలో స్వల్పహాని మాత్రమే చేయును. అన్నియు కలిసిన చోటనే తీవ్రమగును. లెక్సెల్, భౌతికశాస్త్రజ్ఞుడు బోర్యె లార్సన్‌తో కలిసి 1960ల చివర స్టాక్‌హోంలో రూపొందించిన తొలి ‘గామా నైఫ్’ యంత్రమునందు 179 కోబాల్టు-60 మూలములుండెను. పేరునకు కత్తియే గాని, కోత లేదు.

తలను చట్రములో బిగించి కదలకుండ నిలుపవచ్చును. ఊపిరితిత్తి యట్లు కాదు. ప్రతి శ్వాసకును కదలును. కనుక 1990లలో ఈ పద్ధతిని ఛాతీకిని, ఉదరమునకును విస్తరింపజేసినప్పుడు శ్వాసవలని కదలికను లెక్కించుట ముఖ్యమయ్యెను. నేడు స్కాను చిత్రములతో గురిని సరిచూచుకొనుచు, సాధారణముగా 1 నుండి 5 విడతలలో చికిత్స ముగింతురు.

గురి యెంత సూక్ష్మమైనను దానికొక హద్దు కలదు. చిత్రములో కనబడు గడ్డనే అది కొట్టగలదు. కనబడక దేహమంతట చెదరిన కణములను వెదకి పట్టజాలదు. గడ్డ పెద్దదైనను, సున్నితమైన అవయవమును అంటియున్నను, అనేక వారములు కొంచెము కొంచెముగా వికిరణమిచ్చుటయే మేలు కావచ్చును. కావున పొరుగింటి వానికి ఒక్కరోజులో ముగిసినదని, మనకు ముప్పది రోజులేల యని కుంగరాదు.

మరియొక మాట. బయటి యంత్రముచే చికిత్స పొందినవారి శరీరములో వికిరణము నిలువయుండదు. వారికి వేరు గది, వేరు కంచము అక్కరలేదు. ఆసుపత్రినుండి వచ్చిన తాతగారు ఆనాడే మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును.