మాత్ర మానేస్తే మంచిదట!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా పొద్దున్నే పార్కుల్లో నడిచే పెద్దవాళ్ల మధ్య డాక్టరు చీటీ కంటే వేగంగా తిరిగే సలహా ఒకటుంది. "స్టెరాయిడా? నొప్పి తగ్గింది గదా, ఇగ బంద్ చెయ్యి. లేకుంటే కిడ్నీలు ఖరాబైతయి." చెప్పేవారిది మంచి మనసే. విన్నవారే వారం తిరక్కుండా మంచం మీంచి లేవలేకపోతారు.

భుజాలు, తుంట్లు బిగుసుకుపోయే పాలీమయాల్జియా రుమాటికా ఉన్నవారికి ఈ సలహా చేసే చేటు అంతా ఇంతా కాదు. యాభై దాటాక, ఎక్కువగా డెబ్బై పైబడ్డాక వచ్చే ఈ జబ్బుకు స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్‌ను రోజుకు 12.5 నుంచి 25 మి.గ్రా. మధ్య మొదలుపెడతారు. చొక్కా చేతులు తొడుక్కోలేకపోయిన మనిషి కొద్ది రోజుల్లోనే తల దువ్వుకోగలుగుతాడు. మోసమంతా అక్కడే. మాత్ర అణిచింది వాపును మాత్రమే, జబ్బు లోపల ఉండనే ఉంది. చికిత్స చాలామందికి ఏడాది నుంచి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది.

ఇక కిడ్నీల సంగతి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చిన పిల్లలకు కిడ్నీ జబ్బు తగ్గడానికి ఇచ్చే మందు ఈ ప్రెడ్నిసొలోనే! స్టెరాయిడ్ ఆపేసి, నొప్పి తట్టుకోలేక మందుల షాపులో కొని మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలే పెద్ద వయసులో కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీ పేరు చెప్పి కిడ్నీకే ఎసరు పెట్టడమంటే ఇదే.

అసలు ప్రమాదం కిడ్నీల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులతో. బయటి నుంచి నెలల తరబడి స్టెరాయిడ్ అందుతుంటే అవి ఒంట్లోని సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీ తగ్గించేస్తాయి. హఠాత్తుగా మాత్ర ఆగితే వెంటనే అందుకోలేవు. నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం మొదలవుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. వాంతులతో మాత్ర నిలవకపోయినా, ఆపరేషన్ ఉన్నా, స్టెరాయిడ్ వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

స్టెరాయిడ్ అంటే భయపడేవారి మాటలో నిజం లేకపోలేదు, ఒప్పుకోక తప్పదు. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. అందుకే షుగర్, బీపీ చూపించుకుంటూ, అవసరమైతే ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకుంటూ, డాక్టరు చెప్పిన కాల్షియం, విటమిన్ డి వాడుతూ మోతాదు తగ్గించుకుంటూ రావాలి. తగ్గించడం వేరు, ఎగ్గొట్టడం వేరు.

తగ్గింపులో నొప్పి తిరగబెడితే? సుమారు సగం మందికి ఏదో ఒక దశలో తిరగబెడుతుంది. అది మందు ఓడినట్టూ కాదు, సొంతంగా మళ్లీ 20 మి.గ్రా. మింగమని అనుమతీ కాదు. పొద్దున లేవగానే రెండు భుజాలూ, రెండు తుంట్లూ ముక్కాలు గంటకు పైగా బిగుసుకుపోతే జబ్బు తిరిగి లేచిందని అనుమానించాలి. మోతాదు తగ్గించిన కొద్ది రోజుల్లోనే ఒళ్లంతా నొప్పులు మొదలై రెండు వారాల్లో సర్దుకుంటే అది శరీరం అలవాటు పడుతున్న బాధ కావచ్చు. ఒక్క భుజమో, మెట్లెక్కితే మోకాలో నొప్పెడితే, ఇన్నాళ్లూ స్టెరాయిడ్ కప్పిపెట్టిన అరుగుదల బయటపడి ఉండవచ్చు. వాపును పట్టే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు తోడ్పడతాయి గానీ ఇన్ఫెక్షన్‌తోనూ పెరుగుతాయి.

నిజంగా తిరగబెడితే, ఒళ్లు బాగున్న కిందటి మోతాదుకు వెళ్లి, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ నెమ్మదిగా తిరగబెట్టిన మోతాదుకు దిగాలని 2015లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి చెప్పాయి. 10 మి.గ్రా.కు చేరాక నాలుగు వారాలకొక మి.గ్రా. చొప్పున తగ్గించాలన్నదీ వాటి మాటే. షాపులో 5 మి.గ్రా. మాత్రే దొరికిందని 10 నుంచి ఒక్కసారిగా 5కు దిగితే మందు సగానికి సగం కోసినట్టే. చిన్న మోతాదు మాత్రలు తెప్పించమని అడగాలి.

ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. వంకాయ, బంగాళాదుంప మానితే ఈ వాతం పోదు. ప్రతి కీళ్లనొప్పీ చికున్‌గున్యా మిగులు కాదు. పేరూ ఊరూ లేని పొడితో రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులోనూ స్టెరాయిడే కలిసి ఉండవచ్చు. మెథోట్రెక్సేట్ "క్యాన్సర్ మందు" అని బెదరడమెందుకు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలోంచి వచ్చిన మందే అది. స్టెరాయిడ్ తగ్గించలేకపోతున్నవారికి తోడుగా ఇస్తారు. అయితే వారానికి ఒక్క రోజే, రోజూ వేసుకుంటే ముప్పు.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండానే పంజాగుట్టలో దిగవచ్చు. అక్కడి నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఏ తేదీన ఎంత మోతాదుకు తగ్గారో, ఏ రోజు నొప్పి మొదలైందో కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టరు పని సగం తేలికవుతుంది. కొత్తగా తలనొప్పి వచ్చినా, నములుతుంటే దవడ లాగినా, చూపు మసకబారినా ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఈ జబ్బుతో పాటు కొందరికి వచ్చే తలలోని రక్తనాళాల వాపు చూపును శాశ్వతంగా పోగొట్టగలదు. అప్పుడు వెళ్లాల్సింది కళ్లద్దాల షాపుకు కాదు, ఆ పూటే ఆసుపత్రి ఎమర్జెన్సీకి.