పసికందుల రక్తనాళ కణితులు – కిరణ చికిత్స

ఒక కాలంలో ప్రాణదాతగా కీర్తింపబడిన సాధనమే మరొక కాలంలో భయకారణంగా పరిణమించడం వైద్యశాస్త్ర చరిత్రలో అరుదు కాదు. నవజాత శిశువుల రక్తనాళ కణితులకు చేసిన కిరణ చికిత్స అట్టిదే. మన విద్యార్థులలో రేపటి వైద్యులే కాక రేపటి తల్లిదండ్రులు కూడ ఉన్నారు కనుక ఈ విషయాన్ని ఇక్కడ వివరించదలచాము.

పుట్టిన కొద్ది వారాలకు పసిబిడ్డ చర్మంపై ఎర్రని మచ్చ పొడచూపి ఉబ్బడం పలువురు చూచినదే. నూటికి నలుగురైదుగురు శిశువులలో ఇది కనిపిస్తుంది. రక్తనాళాల లోపలి పొర కణాలు అతిగా వృద్ధి చెందడం వలన ఏర్పడే ఈ కణితి కొన్ని నెలలు పెరిగి, పిమ్మట కొన్ని సంవత్సరాలలో తనంతట తానే అణగిపోతుంది. దీనిని గ్రహణదోషమని గాని, తల్లి చేసిన తప్పని గాని అనుకొనడం నిరాధారం. కంటివద్దనో, శ్వాసమార్గంలోనో పెరిగినప్పుడు మాత్రం చికిత్స అత్యవసరం.

అయితే మిక్కిలి అరుదైన వేరొక జాతి కణితి ఉన్నది. అది హఠాత్తుగా ఉబ్బి, గట్టిపడి, నేరేడుపండు రంగుకు మారుతుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అందులోనే చిక్కి నశిస్తాయి. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నరకు తగ్గకుండ ఉండవలసినవి కొన్ని వేలకు పడిపోతాయి. అప్పుడు కలిగే రక్తస్రావం ప్రాణాంతకం కావచ్చును. 1940లో అమెరికాలో కసాబాక్, మెరిట్ అను వైద్యులు ఈ స్థితిని ఒక పసివానిలో గుర్తించి వర్ణించారు. కిరణ చికిత్సతో ఆ శిశువు కోలుకొన్నాడు.

కిరణాలు వేగంగా విభజన చెందే కణాల జన్యుపదార్థాన్ని ఛేదిస్తాయి. కణితి కుంచించుకుపోగా ప్లేట్‌లెట్లు రక్తంలో నిలుస్తాయి. కాని పసిబిడ్డ దేహమంతా పెరిగే కణజాలమే కదా! ఎముక పెరిగే చోట కిరణాలు సోకితే ఆ అవయవం పొట్టిదై పోవచ్చును. స్వీడన్ దేశంలోని స్టాక్‌హోంలో 1920–1959 మధ్య 14,351 మంది శిశువులకు చర్మపు రక్తనాళ కణితులకై కిరణ చికిత్స చేశారు. వారిని దశాబ్దాల తరబడి పరిశీలించగా థైరాయిడ్, రొమ్ము క్యాన్సర్లు అధికంగా కనిపించాయి. వాటిలో అనేకం తమంతట తామే అణగిపోయే కణితులన్నది మరింత శోచనీయం.

1997లో వెలువడిన పరిశోధనలు ప్లేట్‌లెట్లను మింగే కణితి, సాధారణ కణితి వేర్వేరని తేల్చాయి. సాధారణ కణితికి ప్రొప్రనొలాల్ అను గుండె మందు పనిచేస్తుందని 2008లో ఫ్రాన్సు వైద్యులు ప్రకటించారు. ప్రమాదకరమైన రెండవదానికి స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్, సిరోలిమస్ వాడుతున్నారు. ఈ విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరు నుండి లభించినదే. అట్లని ఆకు నూరి పెట్టరాదు. శుద్ధిచేసి కొలిచి ఇచ్చినప్పుడే అది ఔషధం, లేనిచో విషం. మందులు విఫలమై, శస్త్రచికిత్సకు వీలులేక, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే కిరణ చికిత్సను కడపటి ఉపాయంగా తలుస్తారు.

మన జనం కిరణ చికిత్సను 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట వినగానే బిడ్డను ఇంటికి తీసికొనిపోయే వారుండవచ్చును. కరెంటు పెడితేనే నయమవుతుందని పట్టుబట్టే వారును ఉండవచ్చును. రెండును తగవు. ఏ జాతి కణితి, ప్లేట్‌లెట్లు ఎన్ని, ఇతర మార్గాలు ఏవి అని వైద్యుని అడిగి తెలుసుకొనడమే వివేకం.

నాగాయలంకలోనైనా, గుడివాడలోనైనా, బందరులోనైనా, బిడ్డ ఒంటిమీది గడ్డ ఒక్కసారిగా ఉబ్బి నల్లబడినా, ఒంటిపై సూదిమొనలవంటి ఎర్రచుక్కలు లేచినా వాతలు పెట్టక, గడ్డను పిసుకక, అదేరోజు ఆసుపత్రికి తీసికొనిపోవాలి. బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. ప్లేట్‌లెట్ల లెక్క చూడడానికి కొన్ని చుక్కల రక్తం చాలును. ఆలస్యమైతే ఆ కొన్ని చుక్కలే బిడ్డకు కరవు కాగలవు. ఈ ఒక్క సంగతి మన విద్యార్థులు తమ ఊళ్ళలో నలుగురికి చెప్పగలిగితే మా శ్రమ ఫలించినట్లే.